బ్రేకమ్మ కుడిపాదం

ఎప్పుడొస్తారో చెప్పకూడదట. ముందే చెబితే మనిషి కాలు బిగబట్టుకుని కూర్చుంటుందట, అందుకని డాక్టరుగారు తన వీలు చూసుకుని మధ్యలో ఎప్పుడో చప్పుడు చేయకుండా వచ్చి, సన్నటి నైలాన్ పోగు ఒకటి పట్టుకుని రెండు అరికాళ్ళ మీదా పదేసి చోట్ల తాకించి వెళ్తారట. "తగిలినట్టు అనిపించినప్పుడల్లా ఇది నొక్కండి ఆంటీ, అంతే. మిగతాదంతా మామూలే, హాయిగా ధ్యానం చేసుకోండి" అని చెప్పి, హెడ్‌సెట్ అమ్మాయి ఆమె కుడిచేతిలో పెన్ను మూతంత బటన్ ఒకటి పెట్టి, కళ్ళకు బొమ్మ చూపించే డబ్బా తగిలించి, తల వెనక పట్టీ బిగించి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి పక్కకు తప్పుకుంది. హాయిగా అట. చేతిలో బటన్ పెట్టి, కాలికి పరీక్ష పెట్టి, పక్క గదిలో బల్ల మీద ఆమె బతుకంతా ఉన్న కాగితం పెట్టుకుని, హాయిగా ఉండమంటున్నారు. ఆ కాగితం డిపో నుంచి వచ్చింది. చివరి వరుసలో 'డ్రైవరు విధులకు తగును / తగదు' అని అచ్చువేసి, దాని కింద చిన్న అక్షరాల్లో 'ఒకటి కొట్టివేయవలెను' అని ఉంది. ఇవాళ డాక్టరుగారు ఆ రెండు మాటల్లో ఒకదాని మీద గీత గీస్తారు. 'తగదు' మీద గీస్తే సోమవారం పొద్దున్న ఆమె మళ్ళీ తన బస్సు ఎక్కుతుంది. 'తగును' మీద గీస్తే డిపో వెనకాల పోయిన వస్తువుల గదిలో కుర్చీ వేస్తారు. ఎవరెవరో మరిచిపోయిన గొడుగులకీ సంచులకీ చీటీలు కట్టుకుంటూ, తన బస్సును ఇంకొకరు తోలుకుపోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి. ఏడాదిన్నర సెలవు ఈ వారంతో సరి, ఇంక పొడిగించేది లేదన్నారు.

కళ్ళ ముందు సముద్రం వెలిగింది. ఎనిమిది వారాలుగా అదే సముద్రం, అదే ఇసుక, కుడివైపున అదే నల్లరాయి, నలభై అంకెలు లెక్కపెట్టేసరికల్లా ఆ రాయి మీద వాలి ఎగిరిపోయే అదే పక్షి. మొదటి రెండుసార్లు ముచ్చటపడి చూసింది, మూడోసారికి అది తిప్పి తిప్పి వేస్తున్న బొమ్మ అని పట్టేసింది. పంతొమ్మిదేళ్ళు ఒకే రూట్లో బస్సు తోలిన మనిషికి ఏది ఎంతసేపటికి తిరిగొస్తుందో ఒకరు చెప్పాలా. తల తిప్పితే ఆకాశం కూడా తిరుగుతుంది, వెనక్కి చూస్తే కొండ ఉంటుంది, కిందికి చూస్తే మాత్రం ఇసుకే ఉంటుంది, కాళ్ళుండవు. మొదటిరోజు అది చూసి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "నా కాళ్ళేవమ్మా" అని అడిగింది. "అందులో ఎవరికీ కాళ్ళుండవు ఆంటీ, బొమ్మ గీసినవాళ్ళు పెట్టలేదు" అని ఆ అమ్మాయి నవ్వింది. ఇక ఆ గొంతు ఒకటి. ఎవరో పెద్దమనిషి, పాతకాలం వార్తలు చదివే ధోరణి. "మీ కాలివేళ్ళకు కృతజ్ఞతలు తెలపండి" అంటాడు. వేళ్ళకు కృతజ్ఞతలేమిటని ఇంటికెళ్ళి ఆడపడుచుతో చెబితే ఇద్దరూ పడీపడీ నవ్వారు, నవ్వితే చంక కింద కుట్ల దగ్గర లాగింది, లాగినా నవ్వారు. అయినా ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ గొంతు పనిచేసింది. దేనికీ లొంగని అరికాళ్ళ మంట, ఆయన ఊపిరి లెక్కపెట్టిస్తూ అలలు చూపిస్తూ ఉంటే, మూడో వారం నుంచీ మెట్టు మెట్టుగా దిగడం మొదలుపెట్టింది. దిగాలనే కదా వచ్చింది. ఇప్పుడు అది దిగుతుంటేనే భయం వేస్తోంది.

ఊపిరి తీసుకోండి, అంటున్నాడు ఆయన. తీసుకుంది. డాక్టరుగారు వచ్చారా. ఇంకా రాలేదనుకుంటా, వస్తే తలుపు తీసినప్పుడు వరండాలోని వేడిగాలి ముఖానికి తగలాలి, ముఖం సగం ఈ డబ్బాలోనే ఉంది గానీ గడ్డం బయటే ఉంది, గడ్డానికి తగలాలి. గడ్డానికి ఇంకా అన్నీ తెలుస్తాయి. రొమ్ములో గడ్డ కోసి తీసేశారు, అది మానింది. ఆ తర్వాత పన్నెండు వారాల పాటు నరంలోకి ఎక్కించిన మందు కాన్సర్‌ను కడిగేసింది, పోతూ పోతూ పాదాలను తగలబెట్టి పోయింది. రాత్రీ పగలూ నిప్పుల మీద నిలబెట్టినట్టుండేది. దుప్పటి అంచు సోకినా ప్రాణం పోయేది. మంటకిచ్చిన మాత్ర మింగితే కళ్ళు మూతలు పడతాయి, ఆ మాత్ర మింగే మనిషి స్టీరింగ్ పట్టకూడదు. మానేస్తే మంట, మింగితే మత్తు, అందుకని ఈ సముద్రం. మాత్ర మానేసి, మంట పదిలో మూడుకు దిగి, అరికాలికి స్పర్శ ఉందని తేలితే సంతకం పెడతామన్నారు. మాత్ర మానేసి ఐదు వారాలయింది. మంట దిగింది. రెండూ నిజాయితీగా సాధించింది, అందులో ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. ఆ మూడోది ఉంది చూశారూ, దాని దగ్గరే వచ్చింది చిక్కంతా.

పదిలో ఎంత, అని అడుగుతారు వీళ్ళు ప్రతిసారీ. "నొప్పి ఎంతుంది ఆంటీ, అంకె చెప్పండి." పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నొప్పికి అంకె చెప్పాలని ఆమెకు తెలియదు. తలకైతే పోటు, పంటికైతే సలుపు, పిక్కలు పీకుతాయి, నడుం పట్టేస్తుంది, కడుపులో మెలిపెడుతుంది, మెడ కలుక్కుమంటుంది, కంట్లో మంట, కాలు తిమ్మిరి. ఏ చోటికి ఆ మాట ఉంది, ఆ మాట చెబితే ఇంట్లోవాళ్ళు ఆ చోటే పట్టుకుని చూసేవాళ్ళు. ఇక్కడన్నీ కలిపి ఒకటే గంపలో వేసి నొప్పి అన్నారు, దానికో అంకె. మొదటివారం అమాయకంగా చెప్పింది కూడా, "మంట ఆరు ఉంటుందమ్మా, కానీ మంట లేనప్పుడు తిమ్మిరి, కాలు నాది కానట్టు మొద్దుబారిపోతుంది" అని. ఆ అమ్మాయి పాపం తన తెర పైనుంచి కిందికీ కిందనుంచి పైకీ వెతికి, "తిమ్మిరికి గడి లేదు ఆంటీ, నొప్పి ఒక్కటే చెప్పండి" అంది. గడి లేదు. ఎంత చల్లని మాట. ఆ రోజు నుంచీ ఆమె ఆ మాట వెనకాలే దాక్కుంటోంది. అడిగింది నొప్పి, చెప్పింది నొప్పి. ఆరు, ఐదు, ఐదు, నాలుగు, మూడు, అన్నీ నిజాలే, ఒక్క అబద్ధం లేదు. తిమ్మిరి ఎవరూ అడగలేదు, తను మళ్ళీ చెప్పలేదు. కానీ అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని తనకు తను ఇన్నిసార్లు నచ్చజెప్పుకోవలసి వస్తోందంటే అందులో ఏదో ఉన్నట్టే కదా.

ఏదో తగిలింది. ఎడమ మడమ మీద. తగిలిందా. బొటనవేలు బటన్ మీదికి వెళ్ళి ఆగిపోయింది. అల వచ్చిన సమయానికే తగిలింది, అంటే ఆ గొంతు 'నీళ్ళు దగ్గరికి వస్తున్నాయి' అన్నందుకు మనసే కల్పించుకుందేమో. నొక్కితే, డాక్టరుగారు ఇంకా గదిలోనే లేకపోతే, ఖాళీగా నొక్కినట్టు ఆ పెట్టెలో నమోదవుతుంది, ఈమె గుడ్డిగా నొక్కుతోందని తేలిపోతుంది. నొక్కకపోతే, ఆ డాక్టరమ్మ నిజంగానే వచ్చి ఉంటే, ఒకటి పోయినట్టు. పదిలో ఒకటి పోతే పోయింది. లేదు, మడమ కాదు, అది మిగిలిన మంటలోంచి చురుక్కుమన్న చిన్న రవ్వ. మంటైతే తెలుస్తుంది, ఎప్పటినుంచో ఎరిగినదే. నొక్కలేదు. అరచేతిలో చెమట పట్టింది, బటన్ జారుతోంది, ఊపిరి వదలండి అంటున్నాడు ఆయన, ఏ ఊపిరి.

పోయినసారి ఇంత కష్టం లేదు. రెండు నెలల కిందట, ఈ సముద్రం మొదలుపెట్టక ముందు, మామూలుగా మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు, తగిలినప్పుడల్లా 'ఆఁ' అనమన్నారు. డాక్టరుగారు కూర్చున్న చక్రాల స్టూలు పాతది. ముందుకు వంగినప్పుడల్లా కిర్రుమనేది. మొదటి కిర్రుకు ఏమీ తగల్లేదు; తగిలిందేమో, తెలియలేదు; రెండో కిర్రుకు నోరు దానంతటది 'ఆఁ' అనేసింది. ఆలోచించి అన్నది కాదు, అది మాత్రం ఒట్టేసి చెప్పగలదు. ఆ తర్వాతవి మాత్రం ఆలోచించే అంది. కిర్రు, ఆఁ. కిర్రు, ఆఁ. మధ్యలో ఒకసారి కావాలనే ఆలస్యం చేసి, సందేహం నటించి మరీ అంది. పదికి పది. "భలే, నరాలు బాగానే కోలుకుంటున్నాయి" అని డాక్టరుగారు ఎంత సంతోషపడ్డారో. మంచి మనిషి, అబద్ధం ఆడతారేమోనని అనుమానించే మనిషి కాదు, తన రోగులు నయం కావాలనే తప్ప ఇంకో ధ్యాస లేదావిడకి. అలాంటి మనిషి కళ్ళు కప్పి బయటికొచ్చి వరండాలో ఆడపడుచు చేతిలోంచి చెప్పులు తీసుకుని వేసుకుంటుంటే, ఆమెకు సిగ్గూ ఆనందమూ రెండూ ఒకేసారి కలిగాయి, ఆనందమే కాస్త ఎక్కువ కలిగింది, అది తలుచుకుంటే ఇప్పుడు ఇంకా సిగ్గుగా ఉంది.

చెప్పులంటే. పోయిన నెల సంగతి. కూరగాయల సంచి చెరోవైపూ పట్టుకుని ఇద్దరూ బజారు నుంచి వస్తున్నారు, ఆడపడుచు తన కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరో పెద్దాయన కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని కళ్ళజోడు పోయిందని గొడవ చేసిన కథ చెబుతోంది, ఆమె నవ్వుతోంది, ఇంటి మెట్ల దాకా వచ్చాక ఆడపడుచు కథ ఆపేసింది. "వదినా, నీ రెండో చెప్పేది?" చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు, ఎంత దూరం నుంచి వట్టికాలితో నడిచిందో తెలియదు, మడమ దగ్గర గాజుపెంకు గుచ్చుకుని రక్తం కారి మెట్టు మీద ముద్ర పడింది, అదీ తెలియదు. "కళ్ళజోడు నెత్తిన పెట్టుకున్నాయన పట్టుకుపోయి ఉంటాడు" అంది ఆమె. ఆడపడుచు మామూలుగా అయితే ఇంత మాటకు అంత నవ్వేది. నవ్వలేదు. లోపలికి తీసుకెళ్ళి కాలు కడిగి, పెంకు తీసి, కట్టు కట్టి, "బస్సులో కూడా ఇలాగే ఉంటుందా వదినా" అని మాత్రం అడిగింది. "బస్సులో బూటు ఉంటుంది, తాళ్ళు కట్టి ఉంటుంది, జారదులే" అని దబాయించింది. అడిగింది చెప్పు గురించి కాదని ఇద్దరికీ తెలుసు. ఈ మనిషి ఇప్పుడు కూడా బయట వరండాలో ఆ చెప్పుల జత ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది, సంతకం అయిందో లేదో అని తలుపువైపు చూస్తూ, అవ్వాలనో కాకూడదనో దానికే తెలియకుండా.

వేడిగాలి. గడ్డానికి తగిలిందా? లేదు, తనదే ఊపిరి, డబ్బాకు తగిలి తిరిగి వస్తోంది. రావాలి కదా ఈపాటికి. పక్షి వాలింది, ఎగిరింది, ఎన్నోసారో లెక్క తప్పింది. స్టూలు కిర్రుమన్నా ఈ అలల హోరులో వినబడదు. పోయినసారి కిటుకు ఈసారి చెల్లదు. పోనీ, లెక్క కట్టుకుని నొక్కుకుంటూ పోతే? డాక్టరుగారి చెయ్యి ఎంత నిదానమో తెలుసు, ఒక్కో చోటికీ నాలుగు సెకన్లు తీసుకుంటుంది, స్టాపులో ఎవరు ఎంతసేపట్లో ఎక్కుతారో చూడకుండానే చెప్పే మనిషికి ఇదో లెక్కా. ఎప్పుడు మొదలైందో ఒక్కటి తెలిస్తే చాలు, మిగతావన్నీ తన చేతిలో పని. ఆ మొదటిది తెలిసేదెలా. గాలి. గాలి కోసం చూడాలి. గడ్డం కొంచెం పైకెత్తి కూర్చుంది.

బ్రేకమ్మ అంటారు డిపోలో. ఇంజను బాగు చేసేవాడి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ అదే పేరుతో పిలుస్తారు, అసలు పేరు హాజరు పట్టీలో ఒక్కచోటే ఉంది. ఆమె బస్సులో నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకోరు, పట్టుకోనక్కర్లేదు. ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది బండి. బస్సు నేర్పిన గురువు మొదటిరోజే బూటు విప్పించాడు. "బూటుకి ఏం తెలుస్తుందమ్మా, అరికాలికి తెలియాలి. పెడల్ తొక్కగానే ముందు మెత్తగా వస్తుంది, అది గాలి. దాని కింద గట్టిది ఒకటి తగులుతుంది, అదీ బ్రేకు. ఆ రెండింటికీ మధ్య వెంట్రుకంత చోటుంది చూడు, అక్కడ ఆగడం వస్తే నువ్వు డ్రైవరువి" అన్నాడు. నెల రోజులు వట్టికాలితో తొక్కి తొక్కి ఆ వెంట్రుకంత చోటు పట్టుకుంది. తర్వాత బూటు వేసుకున్నా అరికాలు దాన్ని వదల్లేదు. ఆరో స్టాపులో దిగే కర్ర మాస్టారికి కూడా అది తెలుసు, దిగి, బస్సు ముందునుంచే అవతలికి దాటుతాడు, అలా దాటకూడదని వందసార్లు చెప్పింది. కర్ర పైకెత్తి, ఇటు తిరిగైనా చూడకుండా, "నువ్వున్నావు కదమ్మా" అని పోతాడు. ఆయన వెళ్ళేదాకా ఆమె కాలు ఆ గట్టిదాని మీదే ఉంటుంది. ఏడాదిన్నరగా ఆయన ఎవరి ముందునుంచి దాటుతున్నాడో.

వద్దనుకున్నా డిపో ఆవరణ కళ్ళముందుకు వచ్చేస్తుంది, సముద్రం మీదే వచ్చి కూర్చుంటుంది. మూడువారాల కిందట ఆదివారం మధ్యాహ్నం. షెడ్డు మేస్త్రీ ఆమెకంటే పదేళ్ళు పెద్ద, ఎవరూ లేనప్పుడు రమ్మని తాళాలు ఇచ్చాడు, ఆవరణలో నాలుగు చుట్లు తిప్పుకో, చేతికీ కాలికీ మళ్ళీ అలవాటవుతుంది అన్నాడు. అంతకుముందు ఆదివారం కూడా తిప్పింది. ఆ రోజు ధ్యానం చేయకుండానే వెళ్ళింది, మంట ఏడు మీద ఉంది, పళ్ళు బిగించి తోలింది, అయితేనేం, బండి వెన్నలా ఆగింది, ప్రతి ఆగుడూ, మేస్త్రీ దూరం నుంచి చప్పట్లు కొట్టాడు. ఈ రెండో ఆదివారం పొద్దున్నే ఇంట్లో కూర్చుని ఈ హెడ్‌ఫోన్ల పెద్దమనిషి చెప్పినట్టే ఊపిరి తీసి ఊపిరి వదిలి, కాళ్ళు చల్లబరుచుకుని మరీ వెళ్ళింది, మంట రెండు ఉందో లేదో. మొదటి చుట్టు బాగుంది. రెండో చుట్టులో గోడవారగా పాత టైర్ల దొంతర వచ్చింది, బ్రేకు తొక్కింది. బండి ఆగలేదు. ఇంకా తొక్కింది, నడుం లేచేలా తొక్కింది. బండి తన దారిన తను పోతూనే ఉంది, తొందరేం లేనట్టు, టైర్లు దగ్గరికి వచ్చి, అద్దం కిందికి వెళ్ళిపోయి, దబ్బుమని తగిలి, ఒకటి దొర్లుకుంటూ షెడ్డు దాకా పోయింది. చేతి బ్రేకు లాగాక కిందికి చూసింది. పాదం బ్రేకు మీద లేదు. బ్రేకు పక్కన నేల మీద ఉంది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నేలను తొక్కుతోంది. మేస్త్రీ పరుగున వచ్చి, "ఇన్నాళ్ళ తర్వాత కూర్చున్నావు కదా, కాలు మరిచిపోయి ఉంటుంది, పరవాలేదు, టైర్లకేం దెబ్బ" అని ఆయనే టైరు లేపి యథాస్థానంలో పెట్టాడు. ఎవరితోనూ అననన్నాడు. అనలేదు కూడా.

ఆ రాత్రి తెలిసింది ఆమెకు, ఎవరూ చెప్పకుండానే. మంట ఉన్న రోజున కాలు ఎక్కడుందో మంటే చెబుతోంది. ఇదిగో ఇక్కడున్నాను, ఇక్కడ కాలుతున్నాను, అని. ఆ మంట ఆరితే చెప్పేవాళ్ళు లేరు. ఎనిమిది నెలలు దాన్ని తిట్టని తిట్టు లేదు, పోతే చాలు దేవుడా అని ఏడ్చింది, ఇప్పుడు అది పోతుంటే కాలును కూడా తీసుకుపోతోంది. మంటతో తోలితే మంచి డ్రైవరు, మంట లేకపోతే డ్రైవరే కాదు. కాగితంలోనేమో మంట ఉంటే 'తగదు', లేకపోతే 'తగును'. ఇంత తిరకాసు ఏ ట్రాఫిక్‌లోనూ చూడలేదు. పోనీ రోజూ మంటను రాజేసుకుని డ్యూటీకి పోతే? రెండు ఆదివారాల తేడా అదే కదా చెప్పింది. ఉప్పునీళ్ళో, ఇసుకో, బిగుతు బూటో, ఏదో ఒకటి చేసి. ఎవరికీ తెలియదు. పళ్ళు బిగించి తోలుతుంది, ఏడేళ్ళే ఉంది రిటైరవడానికి, ఏడేళ్ళు కాలుతుంది, కాలితే కాలనీ. ఇలాంటి ఆలోచనలు వస్తాయి మనిషికి, సీటంటే అంత ప్రాణం. కానీ ఏదో ఒక రోజు, ఆరో స్టాపు దగ్గర, చక్కటి చల్లగాలి వీస్తున్నప్పుడు, ఏ కారణమూ లేకుండా మంట కాసేపు సద్దుమణిగితే. కర్ర పైకి లేచే ఉంటుంది. ఆయన ఇటు చూడడు.

బటన్. ఉంది, చేతిలోనే ఉంది. ఇంకా రాలేదు ఆవిడ. మరిచిపోయారేమో, ఇంకో రోగి దగ్గర ఆలస్యమైందేమో. ఇంత సేపు మెడ ఎత్తి కూర్చుంటే భుజం పట్టేస్తోంది. "అల మీ పాదాలను తాకుతోంది" అంటున్నాడు ఆయన, ఇది ఆఖరి భాగం, ఇక్కడ నీళ్ళు నిజంగానే దగ్గరికి వస్తాయి, కాళ్ళుండవలసిన చోట నురుగు వచ్చి వెనక్కి పోతుంది. వద్దు, ఇవాళ వద్దు, ఇవాళ కాస్త మంట ఉండనీ, మంట ఉంటేనే పోగు తగిలిన చోటు తెలుస్తుంది, అనుకుంటూనే ఉంది. కానీ ఒళ్ళు ఎనిమిది వారాలుగా నేర్చుకున్న పని, ఆమె మాట వినలేదు. ఊపిరి దానంతటదే నెమ్మదించింది. నురుగు వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది. మంట వేళ్ళ చివర్ల నుంచి వెనక్కి జరిగింది, అరికాలి నడుమకు చేరి, అక్కడ కాసేపు మొండికేసి, మడమలోకి దిగి, ఆరిపోయింది. నిజంగా ఆరిపోయింది. ఇన్ని వారాల్లో మూడుకు దిగింది, రెండుకు దిగింది, ఇంత దూరం ఎప్పుడూ దిగలేదు. దవడ వదులైంది. భుజాలు కిందికి వచ్చాయి. ఎంత హాయిగా ఉందంటే, ఎందుకొచ్చిందో, చేతిలో ఏముందో కాసేపు మరిచిపోయింది. ఒక్కటే గుర్తుంది, ఎవరో రావాలి, వస్తారు, వచ్చినప్పుడు చూసుకోవచ్చు. రాయి మీద పక్షి వాలింది, ఈసారి లెక్కపెట్టలేదు. నీళ్ళు వచ్చాయి. నీళ్ళు పోయాయి. ఆయన ఏదో అన్నాడు, కృతజ్ఞతలనో ఏమో, పాపం ఈసారి నవ్వు రాలేదు.

సముద్రం నల్లబడింది. పట్టీ వదులైంది, హెడ్‌ఫోన్లు పైకి లేచాయి, గది వెలుతురు కళ్ళలో పడింది. హెడ్‌సెట్ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర చక్రాల స్టూలు మీద డాక్టరుగారు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో డిపో కాగితం, చేతిలో నైలాన్ పోగు. వచ్చేశారు, సరిగ్గా ఆఖరికి వచ్చారు. బ్రేకమ్మ గబగబా సర్దుకుని కూర్చుంది, బటన్ సరిగ్గా పట్టుకుంది.

"మొదలుపెట్టండి డాక్టరుగారూ, నేను సిద్ధంగానే ఉన్నాను" అంది.

డాక్టరుగారు ఆ అమ్మాయివైపు చూశారు, మళ్ళీ ఈమెవైపు చూశారు.

"అయిపోయిందమ్మా" అన్నారు. "ఇరవై చోట్లా తాకాను. కుడిపాదానికి రెండుసార్లు చేశాను. మీరు ఒక్కసారీ నొక్కలేదు."

"బటన్ పట్టేసి ఉంటుంది మేడమ్" అంది ఆ అమ్మాయి వెంటనే. "నిన్న ఇంకో ఆయనకి కూడా ఇలాగే అయింది. ఇది పక్కన పెట్టేసి, కళ్ళు మూయించి పాతపద్ధతిలో చేసేద్దామా? పోయినసారి పదికి పది వచ్చాయి కదా ఆంటీకి."

"అదే అనుకుంటున్నాను నేనూ" అన్నారు డాక్టరుగారు. "ఏమ్మా, మళ్ళీ ఒకసారి చేద్దామా? పడుకుంటారా?"

ఎంత సులువుగా దారి ఇచ్చేశారు. మంచం అక్కడే ఉంది, నాలుగడుగులు. స్టూలు అదే స్టూలు. పడుకుని కళ్ళు మూసుకుంటే పదికి పది, కాగితం మీద గీత, సోమవారం పొద్దున్న ఐదున్నరకు డిపో గేటు, చల్లగా ఉండే సీటు, చేతికింద స్టీరింగ్. ఆమె తన కుడికాలి వంక చూసింది. బొటనవేలు కదిలించమని చెప్పింది దానికి. కదిలింది. చూస్తోంది కాబట్టి కదిలిందని తెలిసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ చెప్పింది. కదిలిందో లేదో తెలియలేదు. అప్పుడు గుండెలోంచి ఏదో దిగిపోయినట్టయింది, పంతొమ్మిదేళ్ళు దిగిపోయినట్టయింది.

"బటన్‌కేం కాలేదు డాక్టరుగారూ" అంది. గొంతు మామూలుగానే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. "తాకడం అటుంచి, అసలు మీరు వచ్చిన సంగతే నాకు తెలియలేదు. పోయినసారీ తాకినట్టు తెలియలేదు. మీ స్టూలు కిర్రుమన్నప్పుడల్లా ఆఁ అన్నాను."

ఆ అమ్మాయి హెడ్‌సెట్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేసింది. డాక్టరుగారు తను కూర్చున్న స్టూలు వంక ఒకసారి చూసుకున్నారు. తర్వాత పోగును డబ్బాలో పెట్టి మూత వేశారు, కాగితాన్ని మోకాలి మీద సర్దుకున్నారు, పెన్ను తీశారు. ఎటు గీస్తారో చూడటానికి బ్రేకమ్మ వంగలేదు. గీత గీసిన చప్పుడు మాత్రం వినబడింది.

"మరి నొప్పి?" అని అడిగారు డాక్టరుగారు, తలెత్తకుండానే, మెల్లగా. "ఇప్పుడు ఎంతుంది?"

"లేదు" అంది ఆమె. "ఎనిమిది నెలల్లో మొదటిసారి, బొత్తిగా లేదు." అని, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.